పిల్లిపిల్ల ఏ మూల దాక్కుంది?

అక్కా! మీ ఇంట్లో ఎలుకలు ఉన్నాయా?

"లేకుండా ఎట్లా ఉంటాయి?" అంటారు మీరు. నిజమే. మన నంద్యాల చుట్టుపక్కల కాలువ కింద వరి పండుతుంది. మెట్టలో జొన్న, శనగ పండుతాయి. ప్రతి ఇంట్లో నాలుగు మూటల గింజలు ఉంటాయి. గింజ ఉన్న ఇంటికి ఎలుక పిలవకుండానే వస్తుంది. అప్పుడు మనకు పిల్లి గుర్తుకొస్తుంది.

పొద్దున్నే పిల్లి ఎదురొస్తే వెనక్కి తిరిగి వచ్చి కూర్చుంటాం. వడ్ల మూటకు బొక్క పడితే మాత్రం ఆ పిల్లినే చంకన పెట్టుకుని తెచ్చుకుంటాం!

పిల్లికీ మనిషికీ పొత్తు ఈనాటిది కాదు. మనుషులు పంట పండించడం నేర్చుకుని సుమారు 10 వేల ఏళ్ళు అయ్యింది. పండిన గింజలు దాచుకున్నారు. వాటి కోసం ఎలుకలు వచ్చాయి. ఎలుకల కోసం అడవిపిల్లులు ఊళ్ళలోకి వచ్చాయి. మెల్లమెల్లగా ఇంటి పిల్లులు అయ్యాయి. సైప్రస్ అని సముద్రంలో ఒక దీవి ఉంది. అక్కడ సుమారు 9,500 ఏళ్ళ నాటి సమాధి ఒకటి బయటపడింది. అందులో మనిషి ఎముకల పక్కనే పిల్లి ఎముకలు ఉన్నాయి. ఆ దీవిలో సొంతంగా పుట్టి పెరిగిన పిల్లి జాతి లేదు. అంటే ఎవరో పడవలో తెచ్చుకున్నారు అన్నమాట. ఈ సంగతి 2004లో శాస్త్రవేత్తలు లోకానికి చెప్పారు.

పడవలో తెచ్చినా, ఆటోలో తెచ్చినా, కొత్త పిల్లిపిల్ల చేసే మొదటి పని ఒకటే. దాక్కుంటుంది.

ఆళ్ళగడ్డ దగ్గర ఒక పల్లె అనుకుందాం. ఆ ఊళ్ళో ఒక ఇల్లు. ఇంట్లో అత్త, కోడలు, ఏడేళ్ళ పాప. కోడలు పుట్టింటికి పోయి వస్తూ ఒక పిల్లిపిల్లను తెచ్చింది. బుట్టలో పెట్టింది. పైన గుడ్డ కట్టింది. ఇంటికి వచ్చి బుట్ట దించి గుడ్డ విప్పింది. పిల్లిపిల్ల ఒక్క దూకు దూకింది. అంతే. మళ్ళీ కంటికి కనిపించలేదు.

"ఏమ్మే, పిల్లిపిల్ల యాడ?" అంది అత్త.

"ఈడనే ఉన్నింది అత్తా. గుడ్డ విప్పినా. అంతే, ల్యా."

"తలుపు తెరిచి పెట్టినావా?"

"లేదత్తా. వేసే ఉంది."

మంచం కింద చూశారు. లేదు. పొయ్యి దగ్గర చూశారు. లేదు. పాప పళ్ళెం తీసుకుని గరిటెతో కొట్టింది. "పిస్ పిస్" అని అరిచింది. పక్కింటి పిల్లలు నలుగురు వచ్చారు. వాళ్ళూ అరిచారు. పిల్లిపిల్ల రాలేదు. పొద్దు గూకింది. అత్తకు అనుమానం వచ్చింది.

"ఆ పిల్లోళ్ళలో ఎవరో ఎత్తుకపోయింటారు" అంది.

ఆ మాట గోడ అవతల పక్కింటామె చెవిన పడింది. ఇంకేముంది? పిల్లిపిల్ల కోసం రెండు ఇళ్ళ మధ్య మాటా మాటా పెరిగింది. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అని మనవాళ్ళు ఊరికే అనలేదు. పిల్లిపిల్ల ఆ ఇంట్లోనే ఉంది.

ఎందుకు దాక్కుంటుంది?

మీరు పెళ్ళయి అత్తగారింటికి వచ్చిన మొదటి రోజు గుర్తు తెచ్చుకోండి. కొత్త ఇల్లు. కొత్త మనుషులు. ఏ వస్తువు ఎక్కడుందో తెలీదు. ఒక మూల కూర్చుంటే బాగుండు అనిపించింది గదా? పిల్లిపిల్లకూ అంతే. దానికి మనకన్నా వాసన ఎక్కువ తెలుస్తుంది. నిన్నటి దాకా తల్లి వాసనలో పడుకుంది. అన్నదమ్ముల మీద పడి నిద్రపోయింది. ఈరోజు ఆ వాసన ఒక్కటీ లేదు. పైగా మనుషులు చుట్టూ చేరి అరుస్తున్నారు.

ఇంకో సంగతి ఉంది. పిల్లి జాతి పిల్లలకు పుట్టుకతోనే ఒక బుద్ధి ఉంటుంది. తల్లి వేటకు పోతుంది. పిల్లలు ఒంటరిగా ఉంటాయి. అప్పుడు కదిలితే, అరిస్తే కుక్కో నక్కో వస్తుంది. అందుకని చీకటి మూలలో కదలకుండా కూర్చుంటాయి. తల్లి వచ్చి పిలిచే దాకా ఉలుకూ పలుకూ ఉండదు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని మనం అంటాం. అదీ ఇందుకే. ఒక చోట అలికిడి అయితే తల్లి మెడ దగ్గర నోటితో పట్టి ఇంకో చోటికి మారుస్తుంది. అక్కడ కూడా పిల్లలు కిక్కురుమనవు.

పులి కూడా పిల్లి జాతే. 2023 మార్చిలో మన నంద్యాల జిల్లాలోనే ఒక వింత జరిగింది. కొత్తపల్లె మండలంలో పెద్దగుమ్మడాపురం అని నల్లమల అంచున ఒక ఊరు ఉంది. ఆ ఊరి దగ్గర నాలుగు పులిపిల్లలు కనిపించాయి. తల్లి లేదు. ఊరివాళ్ళు వాటిని కుక్కల బారిన పడకుండా ఒక గదిలో పెట్టి అటవీ శాఖవాళ్ళకు చెప్పారు. వాళ్ళు అడవిలో కెమెరాలు పెట్టి తల్లి కోసం వెతికారు. పిల్లల్ని మళ్ళీ అడవి దగ్గరికి తీసుకుపోయి చూశారు. తల్లి రాలేదు. చివరికి ఆ నాలుగు పిల్లల్ని తిరుపతి జంతుప్రదర్శనశాలకు పంపారు. పులి లాంటి పులి పిల్లలకే తల్లి లేకపోతే దిక్కు లేకుండా పోయింది. ఇక గుప్పెడు పిల్లిపిల్ల మాట చెప్పాలా?

కాబట్టి పిలిస్తే పలకలేదని కోపం వద్దు. మీరు ఎంత గట్టిగా పిలిస్తే అది అంత లోపలికి పోతుంది. పళ్ళెం మోగిస్తే ఇంకా లోపలికి పోతుంది.

ఒక మాట ముందే చెప్పాలి. తల్లి పాలు తాగే పసికూనను తేవద్దు. రెండు నెలలు నిండాక తెచ్చుకోండి. అప్పటికి అన్నం తినడం, మట్టిలో దొడ్డికి పోయి కప్పెట్టడం తల్లి దగ్గర నేర్చుకుంటుంది. తెచ్చేటప్పుడు అది పడుకునే పాత గుడ్డ ఒకటి అడిగి తెచ్చుకోండి. ఆ గుడ్డలో తల్లి వాసన ఉంటుంది. అది వేసిన బుట్టే దానికి పుట్టిల్లు.

మొదట చేయవలసింది వెతకడం కాదు

మన కథలో కోడలికి రాత్రి ఏడు గంటలకు ఒక సంగతి గుర్తుకొచ్చింది. గుండె ఝల్లుమంది.

"అత్తా! మొన్న మూటల ఎనక ఎలుకల మందు పెట్టినాం గదా!"

మూడు రోజుల కిందట పిండిలో మందు కలిపి ఉండలు చేసి పెట్టారు. పిల్లి వస్తుందని అప్పుడు అనుకోలేదు. ఇప్పుడు పిల్లిపిల్ల ఆకలితో చీకట్లో తిరుగుతుంది.

ఇదే అసలు భయం. దాక్కున్నందుకు పిల్లిపిల్ల చావదు. దాక్కున్న చోట ఉన్నదాని వల్ల చస్తుంది. కాబట్టి ముందు మందు తీయాలి. తర్వాతే పిల్లి.

ఎలుకల మందు ఎంత చెడ్డదో తెలుసా? ఎక్కువగా వాడే నల్ల పొడి మందు పేరు జింక్ ఫాస్ఫైడ్. అది కడుపులోకి పోతే విషవాయువు పుడుతుంది. ఎలుక చస్తుంది. పిల్లి తిన్నా చస్తుంది. పసిబిడ్డ తిన్నా అంతే. మందు తిన్న ఎలుకను పిల్లి తిన్నా ప్రమాదమే. పిల్లి ఉన్న ఇంట్లో ఎలుకల మందు పెట్టకూడదు. రెండింటిలో ఒకటే.

కోడలు టార్చి తీసుకుంది. చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుంది. పట్టకారుతో ఉండలు ఒక్కొక్కటే తీసింది. అత్త లెక్క పెట్టింది.

"ఎన్ని పెట్టినావే?"

"నాలుగు అత్తా."

ఒకటి. రెండు. మూడు. నాలుగోది కనిపించలేదు. ఇద్దరి నోట మాట లేదు. మూట కొంచెం జరిపితే గోడ వారగా దొరికింది. నాలుగు. ఒకటి కూడా కొరికినట్టు లేదు. ఆ ఉండల్ని దూరంగా లోతుగా గుంట తీసి పూడ్చారు. చేతులు సబ్బుతో కడుక్కున్నారు. మందు పెట్టేటప్పుడు లెక్క రాసిపెట్టుకుంటే ఈ గాబరా ఉండదు.

ఇంకా చూడవలసినవి ఉన్నాయి. చీమలకు, బొద్దింకలకు చల్లే పొడి పిల్లి పాదాలకు అంటుతుంది. పిల్లి పాదాలు నాకుతుంది. విషం లోపలికి పోతుంది. చిమ్మి, తడిగుడ్డతో తుడిచేయండి. గింజలకు పురుగు పట్టకుండా కొందరు గది మూసి మందు బిళ్ళలు పెడతారు. ఆ గదిలో వచ్చేది కూడా విషవాయువే. దాంట్లోకి పిల్లి కోసం తల పెట్టకండి. అది మనిషిని కూడా చంపుతుంది.

నీళ్ళ తొట్టి, బాన, సంపు మీద మూత వేయండి. పిల్లిపిల్ల నీళ్ళ కోసం అంచు ఎక్కి లోపల పడుతుంది. తొట్టి గోడ నున్నగా ఉంటుంది. పైకి రాలేదు. మూత లేని తొట్టిలో ఒక కట్టె ఏటవాలుగా పెడితే పట్టుకుని ఎక్కుతుంది.

పొయ్యి సంగతి మరచిపోవద్దు. తిండికి లేని ఇంటిని "పొయ్యిలో పిల్లి లేవలేదు" అంటారు మన పెద్దలు. పొయ్యిలో పిల్లి పడుకోవడం ఉత్త సామెత కాదు. బూడిద వెచ్చగా ఉంటుంది. చలికాలం పిల్లి అందులోనే ముడుచుకుంటుంది. ఇప్పుడు వంటకు గ్యాసు వచ్చింది. అయినా నీళ్ళు కాచే పొయ్యి పెరట్లో ఇంకా ఉంది గదా? తెల్లారి కట్టె పెట్టే ముందు పుల్లతో ఒకసారి బూడిద కదపండి. బండి, ఆటో, ట్రాక్టరు తీసే ముందు ఇంజను పక్కన రెండు దెబ్బలు కొట్టమని మగవాళ్ళకు చెప్పండి. ఇంజను వేడికి పిల్లి అందులో దూరుతుంది. వాషింగు మిషను ఉంటే మూత వేసే ముందు లోపల చూడండి.

ఎక్కడ ఉంటుంది?

పిల్లికి మూడు కావాలి. చీకటి, వెచ్చదనం, ఇరుకు. మూడూ ఉన్న చోటే వెతకండి.

పిల్లి ఒళ్ళు మన ఒళ్ళు లాంటిది కాదు. మనకు భుజం ముందర అడ్డంగా గట్టి ఎముక ఉంటుంది. అది రెండు పక్కలా ఎముకలకు అతుక్కుని ఉంటుంది. పిల్లికి అది చాలా చిన్నది, దేనికీ అతుక్కుని ఉండదు. అందుకని తల పట్టిన సందులో ఒళ్ళంతా పడుతుంది. రెండు నెలల పిల్లిపిల్ల తల ఎంత? నిమ్మకాయ కన్నా కొంచెం పెద్ద. కాబట్టి "ఇంత సందులో ఎట్లా పడుతుంది?" అనుకోకుండా అన్నీ చూడండి.

వడ్ల మూటల వెనక. ట్రంకు పెట్టె వెనక. బీరువా కింద. మడత పెట్టిన బొంతల్లో. ఫ్రిజ్ వెనక. ఫ్రిజ్ వెనక వైపు వెచ్చగా ఉంటుంది, అక్కడ దూరడం దానికి మహా ఇష్టం. వైర్లు కూడా అక్కడే ఉంటాయి, అందుకని ముందు స్విచ్చి ఆపి చూడండి. పెట్టె, బీరువా తలుపు మనం తెరిచి వేసినప్పుడు లోపలికి దూరి ఉంటుంది. చూడకుండా తాళం వేసి ఊరికి పోయినవాళ్ళు ఉన్నారు. మూసిన ప్రతి పెట్టె ఒకసారి తెరిచి చూడండి.

అందరం కిందనే వెతుకుతాం. పైన కూడా చూడాలి. అటక మీద, గూట్లో, దండెం మీద వేసిన దుప్పట్లలో. మట్టి మిద్దె అయితే దూలం పక్కన కూడా సందులు ఉంటాయి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట.

చెయ్యి పెట్టే ముందు చూపు పెట్టండి. పిల్లిపిల్లకు నచ్చిన చీకటి మూల పాముకూ నచ్చుతుంది. తేలుకూ నచ్చుతుంది. మన ఇళ్ళలో పెరట్లో నాపబండలు పేర్చి ఉంటాయి. కట్టెల మోపులు ఉంటాయి. బేతంచెర్ల, బనగానపల్లె బండ పరచని ఇల్లు మన వైపు తక్కువ. బండ మీద బండ పెడితే మధ్యలో సందు చల్లగా ఉంటుంది. కట్లపాము, నాగుపాము, రక్తపింజరి మన నేలలో ఉన్నవే. ఎలుకలు ఎక్కువ ఉన్న ఇంటికి వాటి కోసమే వస్తాయి. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. అది కరిస్తే పెద్దగా నొప్పి కూడా ఉండదు. అందుకే అది ఎక్కువ మోసం చేస్తుంది. కాబట్టి టార్చి వేసి చూడండి. పొడుగు కట్టెతో కదపండి. కట్టెల మోపులోకి, బండల సందులోకి పిల్లల్ని పోనివ్వకండి. మన కథలో పాప అప్పటికే కట్టెల సందులో భుజం దాకా చెయ్యి పెట్టేసింది. అత్త జబ్బ పట్టి వెనక్కి లాగింది.

టార్చి ఎట్లా వేయాలి? నిలబడి వేస్తే లాభం లేదు. నేల మీద కూర్చోండి. టార్చి మీ కంటి పక్కన పట్టుకోండి. నేలకు ఆనించి మెల్లగా తిప్పండి. పిల్లి కళ్ళు పచ్చగా మెరుస్తాయి. రాత్రి బస్సు లైటు పడితే ఎద్దు కళ్ళు మెరుస్తాయి చూడండి, అట్లాగే. దాని కంటి వెనక అద్దం లాంటి పొర ఉంటుంది. ఉన్న కొద్ది వెలుగును అది మళ్ళీ కంటికే పంపుతుంది. అందుకనే మనకు చీకటి అయిన చోట దానికి తోవ కనిపిస్తుంది.

కనిపించింది అనుకోండి. లాగకండి! కాలు పట్టి లాగితే గీరుతుంది, కరుస్తుంది. మనిషి మీద నమ్మకం పోతుంది. ఉన్న చోటు తెలిసింది, చాలు.

కనిపించకపోతే?

ఇల్లు నిశ్శబ్దం చేయండి. టీవీ ఆపండి. పిల్లల్ని నిద్రపుచ్చండి. కుక్క ఉంటే బయట కట్టేయండి. తలుపులు, కిటికీలు వేయండి. వాన నీళ్ళు పోయే తూము రంధ్రం ఉంటే గుడ్డ కుక్కండి. దాని పాత గుడ్డ పెట్టిన బుట్ట ఒక మూల పెట్టండి. పక్కన ఒక చిప్పలో నీళ్ళు, ఒక చిప్పలో తిండి. ఇంకో పక్క పళ్ళెంలో ఇసుక. ఇసుక తిండికి దూరంగా పెట్టండి. తిన్న చోట పిల్లి దొడ్డికి పోదు.

తిండి ఏం పెట్టాలి? పాలు అనుకుంటాం మనం. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడం సామెతలో బాగుంటుంది. కాని పెరిగే పిల్లిపిల్లల్లో చాలావాటికి బర్రెపాలు, ఆవుపాలు అరగవు. పారుకుంటుంది. ఉడికించిన గుడ్డు, ఉప్పు కారం వేయని కోడికూర ముక్క, లేదంటే చేపముక్క మెత్తగా చేసి కొంచెం అన్నంలో కలపండి. గోరువెచ్చగా ఉంటే వాసన దూరం పోతుంది. ఎండుచేప వాసనకు తొందరగా వస్తుంది. అయితే అందులో ఉప్పు ఎక్కువ. వాసన చూపించడానికి మటుకే అది.

ఇంకో ఉపాయం మన ఆడవాళ్ళకు చేతనైనదే. ముగ్గు వేసినట్టు గడప దగ్గర, తిండి చిప్ప చుట్టూ, పెట్టెల ముందర బియ్యప్పిండి పలచగా చల్లండి. ముగ్గుపిండి వద్దు. అది సున్నపురాయి పిండి, సున్నం కలిపిన పిండి కూడా ఉంటుంది. పిల్లి నాకుతుంది. బియ్యప్పిండి నాకినా ఏమీ కాదు. తెల్లారి చూడండి. పిండి మీద అడుగులు ఉంటాయి. పిల్లి అడుగు గుండ్రంగా, నాలుగు వేళ్ళతో ఉంటుంది. గోళ్ళ గుర్తు పడదు. నడిచేటప్పుడు పిల్లి గోళ్ళు లోపలికి పెట్టుకుంటుంది. కుక్క అడుగులో గోళ్ళ గుర్తు పడుతుంది. ఎలుక అడుగులు చాలా చిన్నవి. తోక ఈడ్చిన గీత కూడా ఉంటుంది. ఒకప్పుడు అడవిలో పులుల అడుగులు చూసి లెక్క కట్టినట్టే మనం ఇంట్లో పిల్లి అడుగులు చదువుతాం. అదీ చదువే.

మన కోడలు అట్లాగే చేసింది. పిండి చల్లి పడుకుంది. నిద్ర పట్టలేదు. అర్ధరాత్రి దాటాక చిప్ప దగ్గర చిన్న చప్పుడు అయ్యింది. లేవలేదు. అత్త లేవబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

తెల్లారి పిండి మీద బుజ్జి అడుగులు. చిప్ప దగ్గరి నుంచి గది దాకా. గదిలో ట్రంకు పెట్టె దాకా. ట్రంకు పెట్టె మీద బొంతల దొంతర ఉంది. రెండో బొంత మడతలో రెండు చెవులు కనిపించాయి. సాయంత్రం అందరూ ఆ పెట్టెకు ఆనుకునే కూర్చుని పక్కింటి వాళ్ళను తిట్టుకున్నారు!

"ఉండనీ. దానికి తోచినప్పుడు వస్తాది" అంది అత్త. పొద్దున్నే పక్కింటికి పోయి ఆ మాట చెప్పి వచ్చింది కూడా. మూడో రోజు కోడలు కింద కూర్చుని బియ్యం ఏరుతుంటే, పిల్లిపిల్ల దానంతట అదే వచ్చి చీర కుచ్చిళ్ళు వాసన చూసింది.

అన్ని పిల్లులూ మూడో రోజే వస్తాయని కాదు. కొన్ని సాయంత్రానికే వస్తాయి. కొన్నిటికి వారం పడుతుంది. రాత్రి పెట్టిన తిండి తగ్గుతుందా, ఇసుక కదిలిందా? ఈ రెండూ చూసుకుంటే చాలు. తింటుంటే, దొడ్డికి పోతుంటే అది బాగున్నట్టే.

ఒక పగలు, ఒక రాత్రి గడిచినా తిండి ముట్టకపోతే మాత్రం ఊరుకోవద్దు. ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది. పసికూన ఎక్కువ సేపు పస్తు ఉండలేదు. ఎండాకాలం అయితే ఇంకా తొందర పడాలి. నంద్యాలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కొన్ని ఏళ్ళు 45 కూడా దాటింది. రేకుల కొట్టంలో, మూసిన ఇనప పెట్టెలో పిల్లిపిల్ల కొన్ని గంటల్లోనే సొమ్మసిల్లుతుంది. ప్రతి పెట్టె తెరవండి. గోడలకు చెవి ఆనించి వినండి. పిల్లి గొంతు సన్నగా ఉంటుంది, రాత్రి నిశ్శబ్దంలో తెలుస్తుంది. దొరికినప్పుడు ఒళ్ళు చల్లగా, మెత్తగా వేలాడుతుంటే ముందు గుడ్డలో చుట్టి మీ ఒంటి వెచ్చదనం ఇవ్వండి. ఒళ్ళు వెచ్చబడక ముందే నోట్లో పాలు పోయకండి. ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పశువుల ఆసుపత్రికి తీసుకుపోండి. పశువుల ఆసుపత్రి అంటే బర్రెలకు, గొర్రెలకే అనుకుంటారు చాలామంది. పిల్లులనూ చూస్తారు.

గీరితే, కరిస్తే

పిల్లిపిల్లను పట్టుకునేటప్పుడు పళ్ళు దిగడం మామూలే. "చిన్నదే గదా" అని వదిలేయకండి. కుక్కకాటు వల్ల వచ్చే పిచ్చి జబ్బు పిల్లికాటు వల్ల కూడా రావచ్చు. ఆ జబ్బు పేరు రేబిస్. అది ముదిరి బయటపడ్డాక మందు లేదు, మనిషి బతకడం లేదనే చెప్పాలి. ముందుగా సూదులు వేసుకుంటే మాత్రం రానే రాదు. ఈ సూదిని 1885లో ఫ్రాన్సు దేశంలో లూయీ పాశ్చర్ అనే ఆయన మొదటిసారి ఒక పిల్లవాడికి వేశాడు. ఆ పిల్లవాడిని పిచ్చికుక్క కరిచింది. అతను బతికాడు.

కరిచిన వెంటనే గాయం మీద నీళ్ళు ధారగా పోస్తూ సబ్బుతో 15 నిమిషాలు కడగండి. 15 నిమిషాలు అంటే అన్నం ఉడికేంత సేపు. మనం రెండు చెంబులు పోసి అయిపోయింది అనుకుంటాం, అది చాలదు. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి ఏవీ పెట్టకండి. కట్టు కట్టకండి. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి పోండి. సూది ఉచితం. చర్మంలోకి వేసే సూది అయితే 4 సార్లు వేయించుకోవాలి. మొదలుపెట్టిన రోజు సున్నా అని లెక్క. తర్వాత 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు. రక్తం వచ్చేలా కరిస్తే గాయం దగ్గర వేసే ఇంకో మందు కూడా ఉంటుంది. డాక్టరును అడగండి. పూర్వం బొడ్డు చుట్టూ 14 సూదులు వేసేవాళ్ళు. ఆ భయం ఇంకా మన మనసులో ఉంది. ఆ సూదులు ఇప్పుడు లేవు. జబ్బకు వేస్తారు. కడుపుతో ఉన్నవాళ్ళు, పాలిచ్చే తల్లులు కూడా వేసుకోవచ్చు. "కడుపుతో ఉంది, సూది ఎందుకులే" అని ఇంట్లోవాళ్ళు అంటే ఒప్పుకోవద్దు.

కడుపుతో ఉన్నవాళ్ళు ఇంకొక జాగ్రత్త తీసుకోవాలి. పిల్లి దొడ్డికి పోయిన ఇసుకను మీరు ఎత్తవద్దు. అందులో కంటికి కనిపించని ఒక క్రిమి ఉండవచ్చు. అది కడుపులో బిడ్డకు చేటు చేస్తుంది. ఆ పని ఇంట్లో ఇంకొకరికి అప్పగించండి. ఆ క్రిమి మలం పడిన వెంటనే అంటదు, ఒకటి రెండు రోజులు పోయాక అంటే గుణం వస్తుంది. కాబట్టి ఏ రోజుది ఆ రోజే ఎత్తి పూడ్చేయాలి. పిల్లిని వెళ్ళగొట్టే పని లేదు.

పిల్లిపిల్లకు మూడు నెలలు నిండాక దానికీ రేబిస్ టీకా వేయించాలి. తర్వాత ఎప్పుడు వేయించాలో పశువుల డాక్టరు చెప్తారు. జులై 6న పాశ్చర్ సూది వేసిన రోజు గుర్తుగా చాలా పశువుల ఆసుపత్రుల్లో పెంపుడు జంతువులకు ఈ టీకా ఉచితంగా వేస్తుంటారు. మీ దగ్గర వేస్తున్నారా అని ఒక వారం ముందే అడిగి తెలుసుకోండి. ఇంట్లో గోడకు క్యాలెండరు ఉంది గదా? జులై నెల తిప్పండి. 6 దగ్గర "పిల్లికి సూది" అని మీ చేత్తో రాయండి. బుట్ట, పాత గుడ్డ కూడా ఆ రోజుకు దాచిపెట్టండి. బుట్ట చూస్తే అది మళ్ళీ దాక్కుంటుంది, అందుకని ముందు రోజు రాత్రే ఆ బుట్టలో తిండి పెట్టి అలవాటు చేయండి.